రెండున్నర దగ్గర

మజ్జి సన్యాసిరావు పాటలు మీరెరుగుదురు.
పాటల సంగతి నన్నడక్కండి.
నేను క్యాబిన్‌లో మనిషిని.
పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఇప్పుడు పరుపుల గొడౌనైపోయిన హాల్లో
ఇరవై రెండేళ్లు రీళ్లు తిప్పినవాణ్ణి.
ఒక్కో బొమ్మని రోజుకి నాలుగాటలు విన్నవాణ్ణి.
పాటకీ పాటకీ మధ్య ఆయనేం చేశాడో
నాకు తెలిసినట్టు ఆయన పెళ్లానిక్కూడా తెలీదు.

ముందు మంచే చెబుతాను.
ఎదురుచూపు తెలుసు ఆయనకి.
కోటవీధి కుర్రాడు.
వేటకెళ్లిన పడవ తిరిగిరాని రాత్రి
వీధి వీధంతా ఎలా మేలుకుంటుందో చూసినవాడు.
ఆడమనిషి గుమ్మంలో నిలబడితే చాలు,
ఒకే ఒక్క వీణ తీగ మీటి
అది చల్లారేదాకా ఆగేవాడు.
టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి
శ్రుతి కలిపి వేణువెత్తేవాడు.
ఓసారి విలన్ వెనకాల వట్టి ఈల,
ఎవడో పనిలేనివాడు దారినపోతూ వేసినట్టు.
బెంచీ క్లాసు మొత్తం
కాళ్లు పైకి ముడుచుకుంది.

చెడ్డా చెబుతాను, పోయినాయనని దాచను.
నవ్వు రాదు ఆయనకి.
పద్నాలుగు సినిమాల్లో ఎవడు జారిపడ్డా
అదే క్లారినెట్టు, అదే కుక్కపిల్ల నడక.
కొట్లాటొస్తే లారీలోంచి రేకులు దొర్లినట్టే.
సముద్రం పక్కన పుట్టి
సముద్రాన్ని కీబోర్డు మీద వాయించాడు!
మన బీచిరోడ్డులో తీసిన సీనుకి
మద్రాసు నుంచి అలలు తెచ్చాడు.
అన్నిటికన్నా పెద్ద జబ్బు,
అమ్మ ఏడిస్తే ఆగలేడు.
ఆవిడ కంట్లో నీరు ఊరకముందే
పన్నెండు వయొలిన్లు వచ్చి కూర్చుంటాయి,
చావింటికి అందరికన్నా ముందొచ్చి
శోకాలు మొదలెట్టే దూరపు చుట్టాల్లాగ.

ఆ సినిమా ఏడో రీల్లో
కొడుకు శవం ఫిషింగ్ హార్బరుకి చేరుతుంది.
తల్లి వేషం కట్టినావిడ ఎక్కడో నాటకాల మనిషి.
ఏడవదు.
కొడుకు చొక్కాకి బొత్తాం ఊడుంటే
తన గాజులకున్న పిన్నీసు తీసి పెడుతుంది.
అంతే సీను.
దాని మీద పన్నెండు వయొలిన్లు.

మూడోరోజు ఫస్ట్ షోకి నా చెయ్యి ఊరుకోలేదు.
నాలుగు మీదున్న ఫేడరుని
రెండున్నరకి దించాను.
పిన్నీసు చప్పుడూ పోయింది, పోతే పోనీ,
కళ్లున్నాయిగా జనానికి.
కింద హాల్లో ఫ్యాన్లు వినిపించాయి.
కాసేపటికి ముక్కులు చీదుకోవడం వినిపించింది.
ఆపైన రోజూ దించాను.
మేనేజరు దాలినాయుడికే తెలీలేదు.

పన్నెండోరోజు ఆయనొచ్చాడు.
చెల్లెలి ఇంటికని ఊరొచ్చి
టిక్కెట్టు కొనుక్కుని నేలలో కూర్చున్నాడట.
ఏడో రీలు అవగానే మెట్లెక్కి
క్యాబిన్ తలుపు తోశాడు.
కార్బన్ వెలుగులో మొహమంతా చెమట.
ఉద్యోగం పోయిందనుకున్నాను.
"ఎంతకి దించావు?"
"రెండున్నరకండి."
"ఎక్కణ్ణుంచి?"
"ఆవిడ వొంగిన కాణ్ణుంచి."
నా చెవి మీది పెన్సిలు తీసుకుని
టిక్కెట్టు ముక్క వెనక రాసుకున్నాడు.
పెన్సిలు తిరిగివ్వలేదు.

తర్వాతి సినిమాలోనూ అమ్మ ఏడ్చింది.
పన్నెండు వయొలిన్లూ వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు.
నాకు నవ్వొచ్చింది.
మనిషి మారడండీ.
ఎవరైనా ఒక్కరే ఉంటే చూడలేడు,
గుమ్మంలో నిలబడితే తీగనొకదాన్ని తోడు పంపుతాడు,
ఏడుపైతే పన్నెండు మందిని.
గొప్పా అదే, రోగమూ అదే.

అయితే ఆఖరి రీల్లో,
క్లైమాక్సు అయిపోయి
జనం సైకిళ్ల కోసం లేచే వేళ,
ముసలి కళాసీ ఒకడు
మెట్ల మీద కూర్చుని కూలి డబ్బులు లెక్కపెట్టుకుంటాడు.
అక్కడ ఏమీ లేదు.
ఒక్క వాద్యం లేదు.
చిల్లర చప్పుడు, దూరంగా ఓడ కూత ఒకటి.
మద్రాసుది కాదు, మన రేవుదే,
డ్యూటీ దిగి ఇంటికెళుతూ నేను రోజూ వినేదే.

ఫేడరు మీద వేలు పెట్టాను,
అలవాటు కదా.
కాసేపలా పెట్టుంచి
తీసేశాను.